వంద చింతగింజలతో వాతావరణ సదస్సు: హైస్కూల్ టీచర్ల కోసం

భూపాలపల్లి దగ్గర ఒక సర్కారు హైస్కూల్లో నేను సోషల్ చెప్తాను. వాతావరణ మార్పు పాఠం వచ్చిందంటే చాలా బడుల్లో మొక్క నాటించి, ర్యాలీ తీసి ముగిస్తారు. మొక్క నాటడం మంచిదే. కానీ అసలు అడగాల్సినవి వేరే ఉన్నాయి. పొగ ఎవరు వదిలారు, నష్టం ఎవరికి వచ్చింది, డబ్బు ఎవరు కట్టాలి, ఇదంతా తేల్చేది ఎవరు? ఈ ప్రశ్నలు పిల్లల నోటి నుంచే రావాలంటే తొమ్మిది, పది తరగతులతో క్లాసులోనే ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సు లాంటిది ఒకటి పెట్టించండి. రెండు పీరియడ్లు కలిపి తీసుకోండి. వంద చింతగింజలు, దేశాల పేర్లు రాసిన అట్టముక్కలు ఉంటే చాలు.

ముందు జనాభా లెక్కన కూర్చోబెట్టాలి. క్లాసులో నలభై మంది ఉంటే ఇండియాకు ఏడుగురు, చైనాకు ఏడుగురు, ఆఫ్రికా ఖండం మొత్తానికి ఏడుగురు, బ్రిటన్‌తో కలిపి యూరప్ యూనియన్‌కు ముగ్గురు, అమెరికాకు ఇద్దరు వస్తారు. మిగిలిన పద్నాలుగు మంది తక్కిన ప్రపంచం. అందులో ఇద్దరికి పసిఫిక్ సముద్రంలోని చిన్న దీవి దేశాలైన తువాలు, వనువాతు కార్డులు ఇవ్వండి. జనాభా ప్రకారం ఆ దీవులకు కుర్చీ రాదు, అయినా వాళ్లు లేకుండా ఈ సదస్సు నడవదు.

ఇప్పుడు గింజలు. 1751 నుంచి 2017 దాకా బొగ్గు, చమురు, గ్యాస్ కాల్చి, సిమెంటు తయారుచేసి మనుషులు గాల్లోకి వదిలిన కార్బన్ డయాక్సైడ్ మొత్తాన్ని వంద గింజలు అనుకుందాం. అమెరికాకు 25, యూరప్‌కు 22, చైనాకు 13, ఇండియాకు 3, ఆఫ్రికాకు 3, మిగతావాళ్లకు 34 పంచండి. పంచేటప్పుడు మీరేమీ మాట్లాడొద్దు. ఇద్దరు పిల్లల ముందు ఇరవై అయిదు గింజలు, ఏడుగురి ముందు మూడే గింజలు. గొడవ దానంతటదే మొదలవుతుంది.

కాసేపయ్యాక గింజలన్నీ వెనక్కి తీసుకుని, ఈమధ్య ఏడాదికి వదులుతున్న లెక్కన మళ్లీ పంచండి. చైనాకు ముప్పై పైనే, అమెరికాకు 13, ఇండియాకు 8, బ్రిటన్ లేని యూరప్ యూనియన్‌కు 7, మిగిలినవి తక్కినవాళ్లకు. ఇప్పుడు అమెరికా పిల్లలకు ధైర్యం వస్తుంది, వేలు చైనా, ఇండియా వైపు చూపిస్తారు. చూపించనివ్వండి, అది కూడా నిజమే. మీరు రెండు సంగతులు మాత్రం బోర్డు మీద రాయండి. పైకి వెళ్లిన కార్బన్ డయాక్సైడ్‌లో చాలా భాగం వందల ఏళ్లు అక్కడే ఉంటుంది. తలకు లెక్కేస్తే ఏడాదికి ఒక అమెరికన్ వంతు 14 టన్నుల దాకా, ఒక భారతీయుడి వంతు 2 టన్నుల దాకా. బాధ్యత అందరిదీ, కానీ అందరికీ సమానం కాదన్న సూత్రం 1992 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందంలోనే ఉంది. అది పిల్లలు వాదించి వాదించి తామే చెప్పేదాకా ఆగండి.

నష్టం దగ్గరికి వచ్చినప్పుడు జాగ్రత్త. 2023 జులైలో మా భూపాలపల్లి దగ్గర మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరు మునిగింది, హెలికాప్టర్లు వచ్చి జనాన్ని తీశాయి. అప్పుడే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. తెలంగాణలో అంత వాన అంతకుముందు నమోదు కాలేదు. ఆ రాత్రిని చూసిన పిల్లలు మీ క్లాసులో ఉండొచ్చు. వాళ్లంతట వాళ్లు చెప్తే వినండి, లేపి అడగకండి. ఆ వాన అచ్చంగా ఫలానా దేశం పొగ వల్లే పడిందని కూడా చెప్పొద్దు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది, అందుకే పెద్ద వానలు ఇంకా పెద్దవవుతున్నాయి. ఉన్నది ఉన్నట్టు చెప్తే చాలు.

డబ్బు సంగతి మన పిల్లలకు విడమర్చి చెప్పే పని లేదు. 2009లో కోపెన్‌హేగన్ సదస్సులో సంపన్న దేశాలు 2020 కల్లా పేద దేశాలకు ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామన్నాయి. ఆ అంకె అందింది 2022లో. అందులోనూ ఎక్కువ భాగం అప్పులే. మిత్తి అంటే ఏందో తెలిసిన ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు వీళ్లు. ఇల్లు మునిగినవాడికి అప్పు ఇవ్వడం సాయమేనా అని అడిగి వదిలేయండి.

అందరికంటే ఎక్కువ సమయం ఉంచుకోవాల్సింది బొగ్గుకు. మా బడిలో ఒక పిల్ల లేచి, "సార్, మా నాయిన సింగరేణిలనే చేస్తడు. మరి ఆయినది తప్పా?" అని అడిగింది. ఈ ప్రాంతంలో ఏ బడిలోనైనా ఈ ప్రశ్న వస్తుంది. మా దగ్గరి చెల్పూరు థర్మల్ కేంద్రం 1,100 మెగావాట్లది. అక్కడ పుట్టిన కరెంటు ఎక్కడెక్కడో వెలుగుతుంది, పైనుంచి తవ్వే ఓపెన్ కాస్ట్ గనుల దుమ్ము మాత్రం ఇక్కడే పడుతుంది. తప్పు ఆ తండ్రిది కానే కాదని ముందు గట్టిగా చెప్పండి. ఆ తర్వాత జర్మనీ సంగతి చెప్పండి. 2038 కల్లా బొగ్గు కరెంటు మానేస్తామని 2020లో చట్టం చేసినప్పుడు, బొగ్గు ప్రాంతాల కోసం 4,000 కోట్ల యూరోల దాకా పక్కన పెట్టింది. గనులు మూసే రోజు మన దగ్గరికీ వస్తే ఇక్కడి పర్మినెంట్ కార్మికుడికి ఏం రావాలి, కాంట్రాక్ట్ కార్మికుడికి ఏం రావాలి, భూమి పోయిన రైతుకు ఏం రావాలి? పిల్లల చేత జాబితా రాయించండి. ఇండియా జట్టు అమెరికాను అడిగే ప్రతి ప్రశ్నా ఇక్కడికీ వర్తిస్తుంది. అందుకే ఆ ఏడుగురిలో ఒకరికి రెండు కార్లు, మూడు ఏసీలు ఉన్న హైదరాబాద్ ఇల్లు, ఒకరికి పత్తి ఏరే కూలి, ఒకరికి ములుగు అడవిలో గొత్తికోయ ఆదివాసీల గూడెం ఇవ్వండి. ఇండియా తరఫున ఎవరు మాట్లాడాలో వాళ్లే తేల్చుకోవాలి.

చివర తీర్మానం. ఓట్లు ఉండవు, ఐక్యరాజ్యసమితి సదస్సుల్లో ఏకాభిప్రాయమే పద్ధతి. అధ్యక్షురాలిగా కూర్చున్న పిల్లకు డస్టర్ ఇచ్చి, అది బల్ల మీద కొడితే నిర్ణయం అయినట్టే అని చెప్పండి. 2024లో అజర్‌బైజాన్ రాజధాని బాకు సదస్సులో, 2035 కల్లా పేద దేశాలకు ఏటా 30,000 కోట్ల డాలర్లు అన్న నిర్ణయానికి సుత్తి పడ్డాకే ఇండియాకు మాట్లాడే అవకాశం దొరికింది. అది చెప్తే డస్టర్ బలం ఎంతో పిల్లలకు అర్థమవుతుంది. వనువాతు కార్డు పట్టుకున్న పిల్లకు ఇంకో సంగతి ముందే చెప్పి ఉంచండి. ఈ సంగతిని అంతర్జాతీయ న్యాయస్థానం దాకా తీసుకెళ్లాలని పసిఫిక్ దీవుల్లో లా చదివే విద్యార్థులు 2019లో మొదలుపెట్టిన పనిని వనువాతు ప్రభుత్వం అందుకుంది. చివరికి 2025 జులైలో ఆ న్యాయస్థానం, వాతావరణాన్ని కాపాడడం దేశాల చట్టపరమైన బాధ్యత అని, దాన్ని తప్పితే పరిహారం కట్టాల్సి రావచ్చని అభిప్రాయం చెప్పింది.

తీర్మానాన్ని గోడకు అంటించి వదిలేయకండి. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి జిల్లాకూ ఒక ప్రణాళిక ఉండాలి. రాత్రిపూట వాగు పొంగితే ఊరికి ఎవరు చెప్తారు, జనం ఎక్కడికి వెళ్లాలి, ఆ ప్రణాళిక కాపీ పంచాయతీకి ఎప్పుడు వస్తుంది అని మూడు ప్రశ్నలతో కలెక్టర్‌కు దరఖాస్తు రాయించండి. సోమవారం కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ రసీదు నంబరు క్లాసు బోర్డు మీద ఒక మూల రాసి ఉంచండి, జవాబు వచ్చేదాకా చెరపొద్దు.