ఆధునిక కవిత్వంలో మీకు నచ్చేదేమిటో తేల్చుకోవడం ఎలా?

విశాఖలో ఎవరినైనా ఇష్టమైన కవి ఎవరని అడగండి, చాలామంది తడుముకోకుండా శ్రీశ్రీ అంటారు. 1910లో ఇక్కడే పుట్టాడు, బీచ్ రోడ్డులో విగ్రహం కూడా ఉంది, అనకుండా ఎలా ఉంటారు? ఆఖరిసారి ఆయన్ని ఎప్పుడు చదివారని అడిగితే మాత్రం నసుగుతారు. ఊరి అభిమానం వేరు, మన చెవికి నప్పేది వేరు.

ముందు పుస్తకాలు పోగేసుకోండి. పేరున్న కవుల జాబితా పక్కనపెట్టి, కాలం మారేట్టు ఎంచుకోండి. కృష్ణశాస్త్రి ‘కృష్ణపక్షం’ (1925), శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ (1950), తిలక్ ‘అమృతం కురిసిన రాత్రి’ (1968), స్త్రీవాద కవితల ‘నీలిమేఘాలు’ (1993), దళిత కవితల ‘చిక్కనవుతున్న పాట’ (1995). అన్నీ కొనక్కర్లేదు, ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో అడిగి చూడండి. చివరి రెండూ సంకలనాలు. వాటిని వదలొద్దు, ఎందుకంటే అన్ని గొంతుల మధ్య మీరు ఎవరి దగ్గర ఆగుతున్నారో అక్కడే బయటపడుతుంది.

తర్వాత పైకి చదవండి. నా లెక్కలో అసలు పని ఇదే. లయ కావాలా, అక్కర్లేదా అన్నచోటే అభిరుచులు మొదట చీలతాయి. గురజాడ ముత్యాల సరం అనే ఛందస్సులో రాసిన కవిత ఒకటి తీసుకుని వేళ్లతో తాళం వేస్తూ చదవండి: మొదటి మూడు పాదాల్లోనూ 3, 4, 3, 4 చొప్పున 14 మాత్రలు (పొట్టి అక్షరం పలికేంత సేపు ఒక మాత్ర, దీర్ఘానికి రెండు), నాలుగోది పొట్టిగా ఆగిపోవచ్చు. ఆ ఆగడం మీకు హాయిగా అనిపించిందా? అయితే ‘మహాప్రస్థానం’లో ఇలా మాత్రల లెక్కతో, అంటే మాత్రాఛందస్సులో నడిచే గీతాల దగ్గరికి వెళ్లండి. వాటిని కళ్లతో మాత్రమే చదివితే సగమే చదివినట్టు. తాళం విసుగనిపిస్తే ఇస్మాయిల్ చిన్న కవితలు పట్టుకోండి. వాటికి గొంతు పెంచితే చెదిరిపోతాయి, లోలోపలే చదువుకోవాలి. రెండూ నచ్చేవాళ్లూ ఉంటారు, కంగారు పడక్కర్లేదు.

నచ్చిన కవితను నోటుబుక్కులో చేత్తో రాసుకోండి. ఫోన్‌లో ఫొటో తీస్తే మళ్లీ చూడరు. పేజీ పైన తేదీ వేయండి, కవి పేరు మాత్రం వెనక పేజీలో రాయండి. నెల తర్వాత తిరగేస్తే, పేరు చూసి మెచ్చుకున్నవేవో ఇట్టే దొరికిపోతాయి.

నచ్చనివాటికీ రెండు పేజీలు ఉంచండి. 1960ల నాటి దిగంబర కవులు, అంటే సమాజం మీద కోపంతో ఘాటుగా రాసిన బృందం, వాడిన తిట్లు కొందరికి రుచించవు. సరే, చిరాకు తెప్పించింది మాటా, కోపమా, ఆ కోపం మన మీదికే రావడమా? ఒక్క వాక్యం రాసుకోండి. కవి చెప్పినదానితో ఏకీభవించడం, కవిత నచ్చడం ఒకటి కాదన్న సంగతి ఈ పేజీల్లోనే తేలుతుంది. అభ్యుదయ భావాలున్న మనిషికి కృష్ణశాస్త్రి విరహం నచ్చితే తప్పేమిటి?

ఇప్పటివాళ్ల కోసం ఆదివారం అనుబంధాలు, ఫేస్‌బుక్ చాలు. లైకులు మాత్రం లెక్కలోకి తీసుకోకండి. ఒకే కవివి మూడు కవితలు మీ నోటుబుక్కులో చేరాకే సంపుటి కొనండి. కొత్త కవులు చాలామంది సొంత ఖర్చుతో కొద్ది ప్రతులే వేసుకుంటారు కాబట్టి షాపుల్లో దొరక్కపోవచ్చు. కవినే అడిగితే పోస్టులో పంపిస్తారు. ఉచితంగా ఇస్తానన్నా డబ్బులిచ్చే తీసుకోండి.