ఇల్లు మారడం నేర్చుకుందాం – 3వ పాఠం: అట్టపెట్టె సర్దడం

గత రెండు పాఠాల్లో ఇల్లు మారే తేదీ ఖాయం చేసుకుని, ఆ రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ వారాలవారీగా పనులు రాసుకున్నాం. ఏవి వెంట తీసుకెళ్లాలి, ఏవి ఎవరికైనా ఇచ్చేయాలి అన్నది తేల్చుకున్నాం. కొత్త ఇంటి గుమ్మాల వెడల్పు, మెట్ల మలుపు కొలిచి పెట్టుకున్నాం. ఆ కాగితాలు ఇప్పుడు దగ్గర పెట్టుకోండి. కొత్త ఇంట్లో ఏ గది ఎవరిదో, దేనికి వాడతారో రాసుకున్న కాగితం ఈ పాఠంలో మాటిమాటికీ కావాలి.

ఇవాళ పెట్టె సర్దడం నేర్చుకుందాం. సర్దడమంటే ఉన్న సామాన్లన్నీ ఎలాగోలా పెట్టెల్లోకి చేర్చి ఇల్లు ఖాళీ చేయడమని చాలామంది అనుకుంటారు. అలా చేస్తే ఈ ఇంట్లో పని తొందరగానే ముగుస్తుంది, కష్టమంతా ఆ ఇంటికి వెళ్లాక మొదలవుతుంది. పెట్టెను తెరిచే మనిషిని తలుచుకుంటూ సర్దాలి. ఆ మనిషి రోజంతా తిరిగి అలసిపోయి ఉంటుంది. ఏ స్విచ్చు దేనిదో ఇంకా తెలియదు. పిల్లలకు నిద్ర వస్తోంది, దుప్పట్లు ఏ పెట్టెలో ఉన్నాయో కనిపించడం లేదు. ఈ పాఠంలోని మెలకువలన్నీ ఆ మనిషికి ఆ సాయంత్రం తేలికగా గడవడానికే.

ముందు బరువు సంగతి

పెద్ద పెట్టెలు కొంటే పని తొందరగా తెములుతుందనిపిస్తుంది. ఒక్కసారి లెక్క వేసి చూడండి. 30 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 40 ఎత్తు ఉన్న పెట్టెలో 36 లీటర్ల చోటు ఉంటుంది. దాని నిండా పుస్తకాలు పేరిస్తే, మధ్యలో సందులు పోగా, సుమారు 20 నుంచి 25 కేజీలు తూగుతుంది. అన్ని వైపులా 45 సెంటీమీటర్లు ఉన్న పెట్టెలో 91 లీటర్ల చోటు ఉంటుంది. చూడ్డానికి కాస్త పెద్దదిగానే కనిపిస్తుంది, కానీ పుస్తకాలు నింపితే 50 కేజీలు దాటిపోతుంది. దాన్ని ఎత్తేవాళ్ల నడుం పట్టేస్తుంది, లేదంటే పెట్టె అడుగు ఊడిపోతుంది.

పని చోట్ల ఆరోగ్య భద్రతను అధ్యయనం చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ వేసిన లెక్క ఒకటుంది. బరువు ఒంటికి దగ్గరగా, నడుం ఎత్తులో, పట్టుకోవడానికి వీలుగా ఉండి, పరిస్థితులన్నీ అనుకూలించినప్పుడు కూడా 23 కేజీలే హద్దు అంటుంది ఆ లెక్క. ఇల్లు మారే రోజు పరిస్థితులు అంత అనుకూలంగా ఉండవు. మెట్లుంటాయి, మలుపులుంటాయి, తొందర ఉంటుంది. అందుకని ఏ పెట్టె అయినా 15 కేజీలు దాటకుండా చూసుకోమంటాను. ఇంట్లో బరువు చూసుకునే మిషను ఉంటే పెట్టెను పట్టుకుని దాని మీద నిలబడండి, వచ్చిన అంకెలోంచి మీ బరువు తీసేయండి.

దీన్నిబట్టి బరువైనవి చిన్న పెట్టెల్లోకి, తేలికైనవి పెద్ద పెట్టెల్లోకి వెళ్లాలి. పుస్తకాలు, పనిముట్లు, డబ్బాలు చిన్నవాటిలో పెట్టండి. దిండ్లు, దుప్పట్లు, బొమ్మలు పెద్దవాటిలో పెట్టండి. పెద్ద పెట్టెలు మాత్రమే దొరికితే అడుగున ఒక వరుస పుస్తకాలు పేర్చి, మిగతాది బట్టలతో నింపండి.

అట్టకు బలం ఎక్కడుంది

అట్ట అంచును దగ్గరగా చూడండి. రెండు కాగితాల మధ్య అలలు అలలుగా ముడతలు కనిపిస్తాయి. 1871లో అమెరికాలో ఆల్బర్ట్ జోన్స్ అనే ఆయన ఈ ముడతల కాగితానికి పేటెంటు తీసుకున్నది సీసాలు, గాజు వస్తువులు పగలకుండా చుట్టి పంపడానికే. పెట్టెలో ఆ ముడతలు నిలువుగా ఉంటాయి కాబట్టి పై నుంచి పడే బరువును తట్టుకుంటాయి. ఆ బరువులో ఎక్కువ భాగాన్ని మోసేది పెట్టె నాలుగు నిలువు మూలలే. అందుకే ఒకదాని మీద ఒకటి పేర్చేటప్పుడు మూల మీద మూల సరిగ్గా కూర్చోవాలి. పై పెట్టెను అడ్డంగానో, కాస్త పక్కకు జరిపో పెడితే కింది పెట్టె నడిమి భాగం మీద భారం పడి అట్ట లోపలికి కుంగిపోతుంది.

తేమ తగిలినా అట్ట మెత్తబడి బలం చాలావరకు పోతుంది. వాడిన పెట్టెలు తెచ్చుకోవడంలో తప్పేమీ లేదు, డబ్బు మిగులుతుంది. తీసుకునే ముందు మూలలు నలిగాయా, అడుగు తడిసి ఆరిన మరక ఉందా అని చూడండి. ఉంటే అందులో దిండ్లకు మించి ఏదీ పెట్టకండి.

అడుగు రెక్కలను ఒకదాని కింద ఒకటి దూర్చి, టేపు లేకుండా మూసే అలవాటు చాలామందికి ఉంది. అలా మూసిన అడుగు ఎత్తగానే తెరుచుకునే ప్రమాదం ఉంది. రెక్కలు కలిసే గీత మీద రెండు వరుసలు, రెండు చివర్లలో అడ్డంగా ఒక్కో వరుస టేపు వేయండి. టేపు చివర పక్క గోడల మీదికి నాలుగు వేళ్ల మేర రావాలి.

ఖాళీ జాగా

ప్రయాణంలో వస్తువులు పగిలేది ఎక్కువగా అవి కదిలినప్పుడే. పెట్టెలో ఖాళీ ఉంటే బండి కుదిపినప్పుడల్లా లోపలి వస్తువు ఒక గోడ నుంచి ఇంకో గోడకు కొట్టుకుంటుంది. పైగా సగం నిండిన పెట్టె మీద ఇంకో పెట్టె పెడితే మూత కుంగిపోతుంది. మరీ కుక్కి పక్కలు ఉబ్బేలా చేసినా ప్రమాదమే, ఉబ్బిన గోడ నిటారుగా బరువు మోయలేదు. నిండిన పెట్టె మూత మీద అరచేతితో నొక్కితే లోపలికి పోకూడదు, మూత సమంగా మూసుకోవాలి.

ఖాళీలు నింపడానికి విడిగా ఏదీ కొననక్కర్లేదు. తువ్వాళ్లు, టీషర్టులు, సాక్సులు, పాత దుప్పట్లు ఎలాగూ తీసుకెళ్లాల్సినవే. వాటినే మెత్తలుగా వాడండి. న్యూస్ పేపరు కూడా బాగా పనికొస్తుంది, కాకపోతే దాని సిరా తెల్లటి పింగాణీకీ బట్టలకూ అంటుకుంటుంది. ముందు తెల్ల కాగితం చుట్టి, దాని మీద న్యూస్ పేపరు చుట్టండి.

గాజు, పింగాణీ

పళ్లేలను ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టకండి. అలా పేర్చితే పైవాటి బరువంతా అడుగు పళ్లెం మీద ఉంటుంది, ఒక్క కుదుపు వస్తే ఆ పళ్లెం వంగలేక విరుగుతుంది. అంచు మీద నిలబెడితే ఏ పళ్లెం బరువు దానిదే, అంచు దెబ్బనూ బాగా ఓర్చుకుంటుంది. అందుకని ఒక్కో పళ్లేన్ని విడిగా చుట్టి, అరలో పుస్తకాలు పెట్టినట్టు నిలువుగా పెట్టండి. పెట్టె అడుగున నలిపిన కాగితం అయిదారు సెంటీమీటర్ల మందాన పరిచాకే మొదలుపెట్టాలి, చివర్లో పైన కూడా అంతే మందం వేయాలి.

గ్లాసుల లోపల కాగితం కూరి, బయట చుట్టి, నిలువుగానే ఉంచండి. బరువైనవి కింద, పల్చటివి పైన. మూతలున్న పాత్రలకు మూతను విడిగా చుట్టండి గానీ అదే పెట్టెలో పెట్టండి. మూత ఒక పెట్టెలోనూ పాత్ర ఇంకో పెట్టెలోనూ పడితే, తెరిచేవాళ్లకు వారం పాటు వెతుకులాట తప్పదు.

అద్దం మీద టేపును అడ్డంగా, ఐమూలగా అంటించడం చాలా చోట్ల చూస్తాం. టేపు వేసినంత మాత్రాన అద్దం పగలకుండా ఉండదు, పగిలితే ముక్కలు చెల్లాచెదురు కావు, అంతే. అది కూడా మేలే. అసలు రక్షణ మాత్రం రెండు వైపులా అట్ట పెట్టి గట్టిగా కట్టి, నిలబెట్టి తీసుకెళ్లడంలో ఉంది. టీవీ విషయంలోనూ ఇంతే, పడుకోబెట్టకూడదు.

పెట్టెలో పట్టని యంత్రాలు

ఫ్రిజ్‌ను ఒక రోజు ముందే ఖాళీ చేసి, ఆపి, మంచు కరిగాక లోపలంతా పొడిగా తుడవండి. నిలువుగానే తీసుకెళ్లాలి. కంప్రెసర్ లోపల నూనె ఉంటుంది, పడుకోబెడితే అది గొట్టాల్లోకి పారుతుంది. దారి లేక పడుకోబెట్టాల్సి వస్తే, చేరాక నిలబెట్టి, నూనె మళ్లీ కిందికి దిగే వరకు ఆన్ చేయకండి. ఒక రోజు ఆగితే టెన్షన్ ఉండదు.

ముందు వైపు తలుపున్న వాషింగ్ మెషీన్‌లో డ్రమ్ము స్ప్రింగుల మీద వేలాడుతూ ఉంటుంది. కొన్న రోజున వెనక వైపు నుంచి పొడవాటి బోల్టులు తీసి ఇచ్చి ఉంటారు, వెతకండి. అవి బిగిస్తేనే ప్రయాణంలో డ్రమ్ము ఊగిపోకుండా ఉంటుంది. కొత్త ఇంట్లో మెషీన్ వేసే ముందు వాటిని తీయడం మరిచిపోవద్దు.

కంప్యూటర్ విప్పే ముందు ఫైళ్లన్నీ ఇంకోచోట కాపీ చేసుకోండి, వెనక వైర్లు ఎలా ఉన్నాయో ఫొటో తీసుకోండి. మంచం, బల్ల విప్పితే స్క్రూలను చిన్న సంచిలో వేసి, ఏ సామానువో దాని మీద రాసి, అన్ని సంచులనూ ఒకే డబ్బాలో ఉంచండి. సంచిని చెక్కకే టేపుతో అంటిస్తే పాలిష్ లేచిపోతుంది. గ్యాస్ సిలిండర్, పెట్రోలు, రంగుల్లో కలిపే థిన్నర్ లాంటివి సామాన్లతో కలిపి ఎక్కించకూడదు.

పెట్టె మీద రాత

నా లెక్కలో ఈ పాఠం మొత్తంలో అన్నిటికంటే విలువైన పని ఇదే. దీనికి కావలసింది ఒక లావు మార్కరు, ఒక నోటుపుస్తకం.

ప్రతి పెట్టెకూ ఒక నంబరు ఇవ్వండి. నంబరు, కొత్త ఇంట్లో అది వెళ్లాల్సిన గది పేరు, ఈ రెండే పెట్టె మీద పెద్దగా రాయండి. ఇప్పుడున్న గది పేరు రాయకండి. ఇక్కడ హాల్లో ఉన్న పుస్తకాలు అక్కడ పడకగదిలోకి వెళ్లాలంటే, మోసేవాళ్లకు కావలసింది పడకగది అన్న మాటే. మూత మీద కాకుండా రెండు పక్క గోడల మీద రాయండి, ఎందుకంటే పేర్చాక మూతలు కనబడవు. పగిలేవి ఉంటే ఆ మాట, పైకి ఉండాల్సిన వైపుకు ఒక బాణం గుర్తు చాలు.

లోపల ఏమున్నాయో నోటుపుస్తకంలో నంబరు ఎదుట రాసుకోండి. "వంట సామాన్లు" అని వదిలేస్తే లాభం లేదు. "పెద్ద గిన్నెలు, గరిటెలు, కత్తి" అని రాయాలి. విలువైన వస్తువుల పేర్లు పెట్టె పైన ఎప్పుడూ రాయకండి, అవి నోటుపుస్తకంలోనే ఉండాలి. మూసే ముందు ఫోనుతో ఒక ఫొటో తీస్తే ఇంకా మంచిది. చేరాక అన్నీ వచ్చాయో లేదో నంబర్లు వరసగా టిక్కు పెట్టుకుంటూ చూస్తే అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. సామాన్లకు బీమా చేయిస్తే, ఏది పోయిందో చూపించడానికి ఈ పుస్తకం, ఫొటోలే ఆధారం.

ఒక పెట్టెకు మాత్రం నంబరు వద్దు, "ముందు తెరవాలి" అని రాయండి. అందులో ఒక రాత్రికి, మర్నాటి ఉదయానికి కావలసినవి పెట్టాలి: సబ్బు, తువ్వాళ్లు, బ్రష్షులు, ఒక జత బట్టలు, ఛార్జర్లు, టార్చి, కత్తెర, చెత్త సంచులు, నాలుగు గ్లాసులు, పళ్లేలు, ఒక స్క్రూడ్రైవరు. బండిలోకి ఆఖరున ఎక్కి, ముందుగా దిగాల్సింది ఇదే. ఇక కాగితాలు, నగలు, రోజూ వేసుకునే మందులు, తాళంచెవులు, పవర్ బ్యాంకులు ఏ పెట్టెలోకీ వెళ్లకూడదు. అవి మీ చేతిసంచిలో మీతోనే రావాలి.

ఏది ముందు, ఏది తర్వాత

అటక మీదివి, ఈ కాలంలో వేసుకోని బట్టలు, చదివేసిన పుస్తకాలు, గోడ ఫొటోలు మూడు వారాల ముందే సర్దేయవచ్చు. రోజూ వాడనివి రెండో వారంలో సర్దండి. వంటగది, స్నానాల గది చివరి రెండు మూడు రోజులకు ఉంచండి. ఒక గది పూర్తయ్యాకే ఇంకో గది మొదలుపెట్టండి. నాలుగు గదుల్లో నాలుగు పెట్టెలు తెరిచి ఉంచితే సామాన్లు కలిసిపోయి, పెట్టె మీద రాసిన గది పేరుకు అర్థం ఉండదు.

అభ్యాసం

వచ్చే పాఠంలోపు మూడు పెట్టెలు సర్దండి: పుస్తకాలది ఒకటి, పళ్లేలూ గ్లాసులది ఒకటి, ఏదో ఒక సొరుగులోని కలగాపులగం సామాన్లది ఒకటి. మూసిన ప్రతి పెట్టెకూ మూడు పరీక్షలు పెట్టండి. ఎత్తి చూడండి, ఒక్కరే ఆయాసం లేకుండా పది అడుగులు మోయగలగాలి. మెల్లగా ఊపి చూడండి, లోపల చప్పుడు రాకూడదు. తర్వాత మీరు సర్దేటప్పుడు పక్కన లేని ఇంటి మనిషికి నోటుపుస్తకం ఇచ్చి, ఏదైనా ఒక వస్తువు వెతికి పెట్టమనండి. మూడో పరీక్షలో వాళ్లు రెండో పెట్టె తెరవాల్సి వస్తే, పుస్తకంలో రాత సరిపోలేదని అర్థం. దాన్ని వివరంగా తిరిగి రాసి, మళ్లీ అడగండి. పళ్లేల పెట్టెలో చప్పుడు వస్తే పూర్తిగా విప్పి అడుగు నుంచి సర్దండి, పైన ఇంకో తువ్వాలు కుక్కి వదిలేయకండి.

నాలుగో పాఠంలో బండిలోకి ఎక్కించే వరస నేర్చుకుంటాం. దానికి మీ దగ్గర రెండు అంకెలు సిద్ధంగా ఉండాలి: మొత్తం ఎన్ని పెట్టెలు అవుతాయన్న అంచనా, పెట్టెలో పట్టని సామాన్లలో అన్నిటికంటే పెద్దదాని పొడవు.