అంకె కన్నా అంచు ముఖ్యం: పాత శాక్సోఫోన్ మౌత్‌పీస్ కొనేవారికి

పాత శాక్సోఫోన్‌కు ప్యాడ్లు మార్పించుకోవచ్చు, స్ప్రింగులు వేయించుకోవచ్చు. నోట పెట్టుకుని ఊదే భాగమైన పాత మౌత్‌పీస్ విషయంలో అంత వెసులుబాటు లేదు. దాని విలువంతా వెంట్రుకవాసి తేడాలతో నడిచే ఒక వంపులోనూ, లోపలి ఆకారంలోనూ ఉంటుంది. అక్కడ ఒకసారి అరిగిపోయినది తిరిగి రాదు. అందుచేత ఒట్టో లింక్, మేయర్, బెర్గ్ లార్సెన్ వంటి తయారీదారుల పేర్లు కనిపించగానే బేరానికి దిగకుండా, ఆ మౌత్‌పీస్ మీద ఎవరి ఆకురాయి అయినా నడిచిందా అన్నది ముందుగా తేల్చుకోవాలి.

మౌత్‌పీస్ మీద ఉండే అంకె టిప్ ఓపెనింగ్‌ను, అంటే దాని కొసకూ, దానికి బిగించే పలుచని రెల్లు పలక అయిన రీడ్ కొసకూ మధ్య ఉండే సందును తెలుపుతుంది. టెనర్ రకం శాక్సోఫోన్‌కు చేసిన ఒట్టో లింక్ మీద 7 ఉంటే ఆ సందు సుమారు 0.100 అంగుళం, 7 పక్కన నక్షత్రం గుర్తు ఉంటే సుమారు 0.105. బెర్గ్ లార్సెన్ వారు వెయ్యో వంతులనే నేరుగా వేశారు: 110/2/ఎం అంటే సందు 0.110 అంగుళం, ఛాంబర్ (లోపలి గది) 2వ రకం, ఫేసింగ్ (రీడ్ నుంచి దూరంగా కొస వైపు తిరిగే వంపు) మధ్యస్థం అని అర్థం. వారి లెక్కలో ఛాంబర్ 0 అయితే ధ్వని పదునుగా, 3 అయితే గంభీరంగా వస్తుంది. ఈ అంకెలన్నీ కర్మాగారం నుంచి వచ్చిన నాటివన్న సంగతి మరవకూడదు. పాత రోజుల్లో చాలా మౌత్‌పీసులు 4, 5 వంటి చిన్న సందులతోనే తయారయ్యాయి; పెద్ద సందు కోరుకున్న తరవాతి వాద్యకారులు వాటిని అరగదీయించుకున్నారు. నేను 7 నక్షత్రం అని నమ్మి కొన్న లోహపు టెనర్ మౌత్‌పీస్ ఇంటికి వచ్చాక కొలిస్తే 0.118 తేలింది. అమ్మిన మనిషి అబద్ధమేమీ ఆడలేదు, దాని మీద ఉన్నదే చదివి చెప్పాడు.

చెయ్యి పడిన జాడ లోహపు మౌత్‌పీస్‌లో తేలికగానే దొరుకుతుంది. ఒళ్ళంతా బంగారు పూత ఉండి, కొస అంచు మీదా, రెయిళ్ళ మీదా (రీడ్ ఆనే రెండు పక్కల సన్నని అంచులు) మాత్రం ఇత్తడి బయటపడితే అక్కడ అరగదీశారన్నమాట. పూత మరీ కొత్తగా మెరుస్తూ, చెక్కిన అక్షరాల అంచులు మొద్దుబారి ఉంటే, దాన్ని పాలిష్ చేసి మళ్ళీ పూత వేయించి ఉంటారు. అప్పుడు కొలవకుండా ఏదీ నమ్మలేం. హార్డ్ రబ్బరుదైతే టేబుల్ మీద, అంటే రీడ్ ఆనే చదును భాగం మీద, వెలుతురు ఏటవాలుగా పడేట్టు పట్టుకుని చూడండి. యంత్రం వదిలిన సన్నని గీతలు ఒకే తీరుగా కనిపిస్తే మంచి సూచన. అడ్డదిడ్డంగా గరుకు కాగితం గీతలు ఉంటే అనుమానించాలి.

కొలవడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. చదునైన మందపాటి గాజు పలక ఒకటి, మోటారు మెకానిక్కులు వాల్వు సందు సరిచేయడానికి వాడే ఫీలర్ గేజి ఒకటి చాలు. టేబుల్‌ను గాజుకు ఆనించి, గేజిలోని 0.04 లేదా 0.05 మిల్లీమీటర్ల రేకును కొస వైపు నుంచి మెల్లగా లోపలికి జారనిస్తే, సందు ఆ మందానికి తగ్గిన చోట అది ఆగిపోతుంది. రెండు రెయిళ్ళ మీదా ఒకే దూరంలో ఆగాలి. అర మిల్లీమీటరు తేడాను నేను పట్టించుకోను. ఒకవైపు 23, మరోవైపు 21 మిల్లీమీటర్లు వస్తే మాత్రం ఆ వంపు వంకరపోయినట్టే, కీచుమనే స్వరాలకు అది చాలా సార్లు కారణమవుతుంది. టేబుల్ మధ్యలో కొద్దిపాటి పల్లం ఉండటం దోషం కాదు. గాజు మీద పెట్టినప్పుడు మౌత్‌పీస్ అటూ ఇటూ ఊగితే దోషమే. కొస అంచు నుంచి నూక గింజంత ముక్క ఎగిరిపోయినా సరిచేయించవలసిందే, సరిచేయిస్తే సందు మరింత పెరుగుతుంది. పెంచడం సులువు, తగ్గించడం కష్టం.

రంగును చూసి కంగారు పడనక్కర్లేదు. హార్డ్ రబ్బరులో గంధకం ఉంటుంది కాబట్టి ఏళ్ళ తరబడి వెలుతురు తగిలి నలుపు కాస్తా ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగుకు తిరుగుతుంది. వేడినీళ్ళతో కడిగితే అది ఇంకా ముదురుతుంది, చల్లని నీళ్ళే వాడాలి. పైభాగంలో పంటి గాట్లు లోతుగా లేకపోతే వాటినీ వదిలేయవచ్చు. వాద్యం మెడకు చుట్టిన కార్కు మీదికి ఎక్కే షాంక్ భాగంలో సన్నని పగులు ఉంటే మాత్రం బేరం మానుకోవడమే నయం. బ్రిల్‌హార్ట్ వారి తెల్లని టోనలిన్ రకం ఈ పగుళ్ళకు పేరుపడింది.

రీడ్ తడిపి బిగించి, షాంక్ రంధ్రాన్ని అరచేత్తో మూసి, గాలి లోపలికి పీల్చి నోరు తీసేస్తే, రీడ్ ఒకటి రెండు సెకన్లు అతుక్కుని టప్పున విడిపోవాలని చాలామంది చెబుతారు. రీడ్ చదునుగా ఆనుతోందని దాని వల్ల తెలుస్తుందే గాని వంపు బాగుందని తెలియదు. అంతకన్నా మీ సొంత రీడ్‌తో, మీ సొంత వాద్యం మీద, మంద్రంలోని బి ఫ్లాట్‌ను మెత్తగా ఎత్తుకుని చూడండి. ఆ తరవాత పై స్వరాలు శ్రుతిలో నిలుస్తున్నాయో లేదో వినండి. పెద్ద ఛాంబర్ ఉన్న పాత మౌత్‌పీస్‌ను కార్కు మీద మామూలు కన్నా లోపలికి నెట్టవలసి రావచ్చు.

ఫొటోలు చూసి కొనేటప్పుడు కొసను నేరుగా ఎదుటి నుంచి, టేబుల్‌ను ఏటవాలు వెలుతురులో, షాంక్‌ను లోపలి వైపు నుంచి తీసిన ఫొటోలు అడగండి, కొలిచిన సందు ఎంతో రాతలో తెప్పించుకోండి. పాత లోహపు లింక్‌కు దాని లిగేచర్, అంటే రీడ్‌ను బిగించి పట్టే పట్టీ, కూడా వస్తుందో లేదో అడగటం మరిచిపోవద్దు. సన్నని ఒళ్ళు కావడం వల్ల రబ్బరువాటి లిగేచర్లు దానికి పట్టవు. వెనక్కి ఇచ్చే గడువు ఎన్ని రోజులో డబ్బు కట్టకముందే తేల్చుకుని, పార్సెల్ విప్పిన రోజే గాజు పలక మీద పెట్టి కొలవండి.