దంపతులు కలిసి అప్పులు తీర్చడం మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

ఒక్క రూపాయి అదనంగా కట్టే ముందే ఇద్దరి బాకీలన్నీ ఒకే కాగితం మీదికి రావాలి. అసలు, వడ్డీ శాతం, గడువు తేదీ, సంతకం ఎవరిది అని నాలుగు గడులు గీసుకుని, పాత క్రెడిట్ కార్డునూ స్నేహితుడి చేబదులునూ కూడా వదలకుండా రాయండి. దాచిన బాకీ మధ్యలో బయటపడితే డబ్బు కన్నా నమ్మకమే ఎక్కువ దెబ్బతింటుంది.

సంతకం గడిని తేలిగ్గా తీసుకోవద్దు. ఉమ్మడిగా సంతకం చేసిన అప్పులో సాధారణంగా మొత్తం బాకీకి ఇద్దరూ బాధ్యులే గాని సగం సగం కాదు. కనుక ఒకరి అప్పును ఇద్దరి పేరున మార్చే ముందు పత్రం పూర్తిగా చదవాలి.

తర్వాత వడ్డీ లెక్క చూడండి. కార్డు మీద 1,00,000 బాకీ ఉండి, నెలకు 3 శాతం వడ్డీ పడుతుంటే, 5,000 కట్టినా అందులో 3,000 వడ్డీకే పోయి అసలు 2,000 మాత్రమే తగ్గుతుంది. అందుకే అన్నింటికీ కనీస మొత్తం కడుతూ, మిగిలినదంతా అధిక వడ్డీ బాకీకి మళ్లించడం లాభం. చిన్న బాకీని ముందు తీర్చి ఊపు తెచ్చుకోవడమూ తప్పు కాదు. కాస్త వడ్డీ ఎక్కువ పోతుంది, అంతే.

ముందస్తుగా తీరిస్తే రుసుము ఉందేమో అడగండి. అన్నీ కలిపి కొత్త రుణం తీసుకుంటే, వాయిదా తగ్గినా గడువు పెరిగి మొత్తం వడ్డీ పెరగవచ్చు.

అత్యవసరాలకు కొంత సొమ్ము విడిగా ఉంచి, ఏ వాయిదా ఎవరి ఖాతా నుంచి ఏ తేదీన వెళ్తుందో ముందే రాసిపెట్టుకోండి.