హాస్టల్ గదిలో నూడుల్స్ ఉడకడం లేదా? ముందు కెటిల్ అడుగు చూడండి

అనంతపురంలో నాలుగేళ్లు హాస్టల్లో ఉన్నాను. నూడుల్స్ ఉడకలేదని ఎవరో ఒకరు గిన్నె పట్టుకుని మా గదికి వచ్చేవారు. ప్యాకెట్ మారుస్తారు, వోల్టేజీ లేదంటారు, కెటిల్ లోపలికి మాత్రం తొంగి చూడరు.

సమస్య: నూడుల్స్ బిళ్ల మధ్యలో గట్టిగా ఉంది

మూత పెట్టారా? ప్యాకెట్ మీది రెండు నిమిషాలు పొయ్యి మీద మరిగే నీళ్ల లెక్క. కెటిల్ నీళ్లు పోసుకునేవాళ్లు స్టీలు డబ్బాలో బిళ్ల మునిగేలా పోసి, మూత బిగించి ఐదారు నిమిషాలు ఆగాలి. ముందే ఆవిరిలో ఉడికి, నూనెలో వేగిన బిళ్ల అది, వేడినీళ్లు చాలు.

సమస్య: మూత పెట్టినా అంతే

నన్ను బాగా ఏడిపించింది ఇదే. స్విచ్ టక్కున పడేది, మరిగాయనుకుని పోసేవాణ్ణి. కొత్త కెటిల్ కొన్నాను, రెండు నెలలకు అదీ అంతే. ఒక రాత్రి మూత తీసి చూస్తే నీళ్లలో ఒక్క బుడగ లేదు. అడుగున తెల్లగా, గరుగ్గా గార పట్టి ఉంది.

మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. మరిగించిన ప్రతిసారీ కొంత అడుగున పేరుకుంటుంది. ఆ గార వేడిని నీళ్లకు వెళ్లనివ్వదు, కింద ప్లేటు అతిగా కాలుతుంది. కెటిల్లో రెండు కట్‌ఆఫ్‌లు ఉంటాయి: ఒకటి ఆవిరి తగిలితే ఆపేది, ఇంకొకటి ప్లేటు మరీ కాలితే ఆపేది. గార పడితే రెండోది ముందే ఆపేస్తుంది.

వోల్టేజీతో దీన్ని కలిపేయకండి. 230 వోల్టుల దగ్గర 1500 వాట్లు లాగే కెటిల్, 180 దగ్గర 920 వాట్లే లాగుతుంది. నీళ్లు ఆలస్యంగా మరుగుతాయి, కానీ మరుగుతాయి. ఆవిరి రాకుండానే స్విచ్ పడితే మాత్రం ముందు గారనే అనుమానించండి.

కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) అడగండి. అర లీటరు నీళ్లలో రెండు చెంచాలు వేసి వేడి చేసి, ప్లగ్గు తీసి అరగంట వదలండి. నురగ వస్తూ గార కరుగుతుంది. పారబోసి, మంచినీళ్లు రెండుసార్లు మరిగించి పారబోయండి. స్టీలు పీచుతో గీకొద్దు, గీతల్లో గార ఇంకా తొందరగా పడుతుంది. పొర గోధుమ రంగులో ఉంటే కెటిల్లోనే నూడుల్స్ ఉడికించి మాడ్చారన్నమాట. దానికి వంట సోడా వేసి మరిగించాలి.

దయచేసి తినే నూడుల్స్‌కు ఆర్‌ఓ ఫిల్టర్ నీళ్లే పోయండి. మా జిల్లా బోర్లలో చాలాచోట్ల ఫ్లోరైడ్ ఉంది, మరిగిస్తే అది పోదు.

మిగతావి

కెటిల్ పెట్టగానే ట్రిప్ అవుతోందా? 6 ఆంప్స్ సాకెట్ 1380 వాట్ల వరకే. వార్డెన్‌ను అడిగి 16 ఆంప్స్ దాంట్లో పెట్టండి. ఎంతకీ ఆగకుండా పొంగుతుంటే కెటిల్ మూత సరిగా పడలేదు. ఆవిరి తగిలితే ఆపే థర్మోస్టాట్ పోవడం అరుదు, అది మెకానిక్ పని.

నీళ్లు ఎక్కువై పలచబడితే పారబోయకండి, మసాలా అంతా పోతుంది. ఉగ్గాని (బొరుగుల ఉప్మా)లోకని ఇంటి నుంచి తెచ్చుకున్న పప్పుల పొడి ఒక చెంచా కలిపి నిమిషం మూత పెట్టండి, చిక్కబడుతుంది.