రాక్ వినడం నేర్చుకుందాం – 5వ పాఠం: హోటల్ కారిడార్‌లో తయారైన మెషీన్ హెడ్

పోయిన పాఠంలో డ్రమ్స్ ఒక్కటే పట్టుకుని పాట మొదలు నుంచి చివరిదాకా వినడం చేశాం కదా. హై-హ్యాట్ (తాళాల్లాంటి రెండు పళ్లేల జత) ఏది, స్నేర్ (చురుగ్గా మోగే చిన్న డ్రమ్) ఏది అన్నది ఈపాటికి చెవికి పట్టుబడి ఉండాలి. పట్టుబడకపోతే టెన్షన్ పడకండి, ఇంకో రెండు రోజులు అక్కడే ఉండి రండి.

ఈసారి పని కొంచెం కష్టం. దాదాపు ఒకే శ్రుతిలో, ఒకే గరుకుతనంతో మోగే రెండు వాయిద్యాలను చెవితో విడదీయాలి. గిటార్‌నీ డ్రమ్స్‌నీ ఎవరైనా విడదీస్తారు. గిటార్ కిందే నక్కి కూర్చున్న ఆర్గన్‌ని, అంటే హార్మోనియంలా మెట్లున్న వాయిద్యాన్ని, పట్టుకోవడం అలా కాదు, దానికి సాధన కావాలి. ఒక్క పాటతో అయ్యే పని కాదు కాబట్టి ఒక ఆల్బమ్ మొత్తం తీసుకుందాం. డీప్ పర్పుల్ అనే ఇంగ్లీషు రాక్ బ్యాండ్ వాళ్ల మెషీన్ హెడ్, 1972 మార్చిలో వచ్చింది. ఏడు పాటలు, నలభై నిమిషాల లోపే. ఫోన్ స్పీకర్‌లో వినొద్దు, బేస్ సగం ఎగిరిపోతుంది. రెండు చెవులకీ ఇయర్‌ఫోన్స్, పక్కన ఒక నోట్‌బుక్, అంతే.

ముందు మనుషుల్ని పరిచయం చేసుకోండి, ఎందుకంటే ఇకనుంచి "గిటార్" అని కాకుండా "బ్లాక్‌మోర్ చెయ్యి" అని వినడం అలవాటు కావాలి. గిటార్ రిచీ బ్లాక్‌మోర్, ఆర్గన్ జాన్ లార్డ్, బేస్ రోజర్ గ్లోవర్, డ్రమ్స్ ఇయాన్ పేస్, గొంతు ఇయాన్ గిలన్. ఇక ఆల్బమ్ పేరు. మెషీన్ హెడ్ అంటే గిటార్ తలకాయ మీద తీగ బిగించే కీ, వీణకైతే మనం బిరడ అంటాం. అట్ట వెనకవైపు బేస్ గిటార్‌ది ఒకటి ఫొటో కూడా వేశారు.

ఇప్పుడు ఈ రికార్డు ఎలా తయారైందో చెప్తాను. కథ కోసం కాదు, ఇది తెలిశాక వినే తీరే మారిపోతుంది, మీరే చూస్తారు.

దీనికి ముందు వచ్చిన ఫైర్‌బాల్ ఆల్బమ్‌ని టూర్ల మధ్య దొరికిన ఖాళీల్లో ముక్కలు ముక్కలుగా చేశారు. అది వాళ్లకి తృప్తినివ్వలేదు. స్టేజి మీద తాము మోగే తీరు రికార్డులో రావడం లేదన్నది అసలు బాధ. దాంతో ఈసారి స్టూడియో వద్దనుకుని, స్విట్జర్లాండ్‌లో జెనీవా సరస్సు ఒడ్డున ఉన్న మోంట్రో ఊరికి వెళ్లారు. అక్కడి కెసీనోలో కచేరీల హాలు ఉంది. చలికాలం దాన్ని మూసేస్తారు, కాబట్టి ఖాళీ హాల్లో వాయించుకోవచ్చు. రికార్డింగ్‌కి రోలింగ్ స్టోన్స్ వాళ్ల మొబైల్ స్టూడియో అద్దెకి తీసుకున్నారు, అంటే ఒక ట్రక్కులో అమర్చిన కంట్రోల్ రూమ్. దాన్ని బయట నిలిపి, లోపలినుంచి కేబుళ్లు లాగితే సరిపోతుంది. ఇంజినీర్ మార్టిన్ బిర్చ్.

హాలు చేతికి రావడానికి ముందు ఇంకొక్క కచేరీ మిగిలుంది. 1971 డిసెంబరు 4, అమెరికన్ రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జాపా బృందం వాయిస్తోంది. వినడానికి వచ్చినవాళ్లలో ఎవరో ఫ్లేర్ గన్ (సంకేతం కోసం మంట వదిలే తుపాకీ) పైకప్పు మీదికి పేల్చారు. నిప్పంటుకుంది. మోంట్రో జాజ్ ఉత్సవం నడిపే క్లాడ్ నాబ్స్ లోపలికి పరుగెత్తి పిల్లల్ని బయటికి లాగాడు. ప్రాణనష్టం లేదు గానీ కెసీనో మొత్తం కాలిపోయింది, జాపా వాళ్ల వాయిద్యాలన్నీ బూడిదయ్యాయి. పొగ సరస్సు మీద పరుచుకుంటుంటే డీప్ పర్పుల్ వాళ్లు చూస్తూ ఉండిపోయారు. రికార్డింగ్ చేయాల్సిన చోటు కళ్లముందే పోయింది, బయట ట్రక్కు మాత్రం సిద్ధంగా ఉంది.

నాబ్స్ వాళ్లకి పెవిలియన్ అనే థియేటర్ చూపించాడు. అక్కడ ఒక పాటకి బ్యాకింగ్ ట్రాక్, అంటే గొంతు లేకుండా వాయిద్యాల భాగం, మొదలుపెట్టారు, ఇంకా పేరు కూడా లేదు దానికి. ఊరు నడిబొడ్డున అర్ధరాత్రి ఆ మోతకి చుట్టుపక్కలవాళ్లు నిద్రలేచి ఫిర్యాదు చేస్తే పోలీసులు వచ్చారు. లోపల టేక్, అంటే పాటని ఒకసారి వాయించి రికార్డు చేయడం, నడుస్తోంది. బ్యాండ్ సామాను చూసుకునే కుర్రాళ్లు తలుపులకి అడ్డంపడి, టేక్ పూర్తయ్యేదాకా పోలీసుల్ని లోపలికి రానివ్వలేదు. ఆ టేకే తర్వాత స్మోక్ ఆన్ ద వాటర్ అయింది. ఈ సంగతి తెలిశాక ఆ పాటలో పేస్ డ్రమ్స్ వినండి. మిగతా ఆరు పాటల్లో డ్రమ్స్ మోగే తీరుకీ ఇక్కడ మోగే తీరుకీ చిన్న తేడా నాకైతే వినిపిస్తుంది, గది పెద్దదన్నట్టు. మీకు వినిపిస్తుందా లేదా అన్నది నోట్‌బుక్‌లో రాయండి. లేదంటే లేదు అనే రాయండి. నేను చెప్పాను కదా అని వినిపించినట్టు అనుకోవడం ఈ చదువుకి పెద్ద శత్రువు.

పెవిలియన్ నుంచి గెంటేశాక దొరికింది గ్రాండ్ హోటల్. చలికాలానికి మూసేసి ఉంది. లాబీని ఆనుకున్న ఒక కారిడార్ చివర డ్రమ్సూ ఆంప్లిఫయర్లూ పెట్టుకుని, శబ్దం చెదిరిపోకుండా పరుపులు తెచ్చి అడ్డంగా నిలబెట్టారు. ఒక మూసేసిన హోటల్, డిసెంబరు చలి, కారిడార్‌లో పరుపుల మధ్య అయిదుగురు. ట్రక్కు బయట ఉంది కదా, వాయించింది ఎలా వచ్చిందో వినాలంటే గదుల్లోంచి, బాల్కనీల మీదుగా, మంచులో నడిచి అక్కడికి వెళ్లాలి. నాలుగుసార్లు తిరిగేసరికి విసుగొచ్చి, ప్రతి టేక్‌నీ వెళ్లి వినడం మానేశారు. బాగా వచ్చిందని తమకు అనిపించేదాకా వాయించడం, అనిపిస్తే తర్వాతి పాటకి వెళ్లిపోవడం.

నా దృష్టిలో ఈ ఆల్బమ్ బలం అంతా అక్కడే ఉంది. తమ తప్పుల్ని వెతుక్కునే అవకాశం లేకపోవడంతో ఒకరినొకరు వింటూ వాయించారు. డిసెంబరు 6న మొదలుపెట్టి 21కల్లా పని ముగించారు. ఆ రోజుల్లో తారాస్థాయిలో ఉన్న రాక్ బ్యాండ్‌కి అది చాలా తక్కువ సమయం.

సరే, ఇక చెవి పని. స్మోక్ ఆన్ ద వాటర్ పెట్టండి, గొంతు మొదలవగానే ఆపేయండి. ఈ ముక్క నిమిషం కూడా ఉండదు. దీన్నే పదిసార్లు వింటాం.

మొదటిసారి రిఫ్‌ని, అంటే మళ్లీ మళ్లీ తిరిగే ఆ చిన్న స్వరాల వరుసని, నోటితో అనండి. సంగీతం కొద్దిగా వచ్చినవాళ్లకి స్వరాల్లో చెప్తాను: స గ మ, స గ మి మ, స గ మ గ స. గాంధారం సాధారణ గాంధారం, మ అంటే శుద్ధ మధ్యమం, మి అంటే ప్రతి మధ్యమం. రెండు మధ్యమాలు పక్కపక్కనే తగులుతున్నాయి చూశారా, ఆ ఒక్క ఒరిపిడి వల్లే ఇంత చిన్న వరుస మనసులోంచి పోదు. లెక్క కూడా చూడండి: మూడు, నాలుగు, అయిదు. మొత్తం పన్నెండు దెబ్బలు.

గిటార్ ఉన్నవాళ్లు 3వ తీగ, 4వ తీగ కలిపి మీటండి: 0, 3, 5, ఆపైన 0, 3, 6, 5, మళ్లీ 0, 3, 5, 3, 0. చాలామంది దీన్ని పిక్‌తో (తీగలు మీటే చిన్న బిళ్లతో) గానీ, బేస్ తీగల మీద పవర్ కార్డ్‌లతో (రెండు స్వరాల జతలతో) గానీ వాయిస్తారు. బ్లాక్‌మోర్ పిక్ వాడలేదు, రెండు తీగల్నీ వేళ్లతో ఒకేసారి లాగి వదిలాడు. పిక్‌తో అయితే ఒక తీగ ముందు, ఒకటి వెనక మోగుతాయి, ఆ తేడా వెంట్రుకవాసే అయినా ఉంటుంది. వేళ్లతో లాగితే రెండూ ఒక్క దెబ్బగా వస్తాయి. ఇంకోటి, 3వ తీగ మీద స మోగుతుంటే దాని కింద 4వ తీగ మీద మంద్ర పంచమం మోగుతుంది, అంటే స, మ మధ్య ఎంత దూరమో ఈ రెంటి మధ్య అంత దూరం. ప్రతి స్వరానికీ కింద ఆ జత ఉంది. పాడుతున్నప్పుడు మనం పై వరుసే పాడతాం, కానీ ఆ బరువు కింది వరుసది.

ఇప్పుడు ఆర్గన్. హామండ్ ఆర్గన్‌ని మామూలుగా లెస్లీ అనే తిరిగే స్పీకర్‌కి కలుపుతారు, అందుకే చర్చిలోనో జాజ్‌లోనో విన్నప్పుడు ఆ తేలే శబ్దం వస్తుంది. జాన్ లార్డ్ దాన్ని గిటార్లకి వాడే మార్షల్ ఆంప్‌లోకి ఎక్కించాడు. దాంతో ఆర్గన్ కూడా గిటార్ లాగే గరగరమంటుంది. అందుకే విడదీయడం కష్టం. నేను ఈ పాటని ఏళ్ల తరబడి విన్నాను, మొత్తం గిటారే అనుకుంటూ. ఎలా పట్టుకోవాలో తర్వాత తెలిసింది, మీకు ఇప్పుడే చెప్పేస్తున్నాను.

వీణనీ హార్మోనియంనీ తలచుకోండి. వీణ తీగ మీటిన క్షణంలో గట్టిగా మోగి, అప్పట్నించి తగ్గుతూ పోతుంది. హార్మోనియం మెట్టు మీద వేలు ఉన్నంతసేపూ, గాలి ఉన్నంతసేపూ నాదం తగ్గదు. గిటార్‌కీ ఆర్గన్‌కీ తేడా సరిగ్గా అదే. కాబట్టి స్వరం మొదట్లో వినకండి, తోకలో వినండి. రిఫ్ చివరి స దగ్గర చెవి పెట్టి, అది సన్నబడుతోందా, సమంగా నిలబడుతోందా చూడండి. పాట మొదట్లో గిటార్ ఒక్కటే ఉంటుంది, తోక సన్నబడుతుంది. హై-హ్యాట్ మొదలయ్యే సమయానికి ఆర్గన్ వచ్చి చేరుతుంది. అక్కడినుంచి తోక లావెక్కుతుంది, నేల మీద పరిచినట్టు ఉంటుంది. తర్వాత మిగతా డ్రమ్స్, ఆ వెనక బేస్. గొంతు వచ్చేలోపు రిఫ్ మొత్తం ఎన్నిసార్లు తిరిగిందో, ఎన్నో సారికి ఏ వాయిద్యం చేరిందో లెక్కపెట్టి రాయండి. ఎడమ చెవి ఇయర్‌ఫోన్ తీసి ఒకసారి, కుడిది తీసి ఒకసారి వింటే ఎవరు ఎటువైపు కూర్చున్నారో కూడా తేలుతుంది.

ఆర్గన్ విడిగా దొరికిన రోజు ఒక్కసారి పాట మొత్తం ఆపకుండా వినండి. ఎన్నాళ్లుగానో తెలిసిన పాటలో ఇంకో మనిషి కనిపిస్తాడు.

ఇదే కిటుకుతో ఇదే ఆల్బమ్‌లోని హైవే స్టార్‌కి వెళ్లండి. టూర్ బస్సులో పోతుంటే ఒక విలేఖరి మీరు పాటలు ఎలా కడతారని అడిగాడట, బ్లాక్‌మోర్ అక్కడికక్కడే గిటార్ తీసి ఒకే స్వరాన్ని కొడుతూ మొదలుపెట్టాడట, అలా పుట్టింది. ఇందులో ముందు ఆర్గన్ సోలో (ఒక్క వాయిద్యమే ముందుకొచ్చి వాయించే భాగం), తర్వాత గిటార్ సోలో. రెండింటి కిందా పాశ్చాత్య శాస్త్రీయ సంగీతకర్త బాఖ్ పద్ధతిలో నడిచే కార్డ్‌ల (కలిపి మోగే స్వరాల గుంపుల) వరుస ఉంటుంది. బ్లాక్‌మోర్ మామూలుగా అప్పటికప్పుడు తోచింది వాయించే మనిషి, ఈ ఒక్క సోలోని మాత్రం ముందే స్వరం స్వరం కట్టుకుని వచ్చాడు. కొన్నిచోట్ల రెండు గిటార్లు వినిపిస్తాయి, రెండూ ఆయనవే, ఒకదాని మీద ఒకటి రికార్డు చేసినవి. వరుసలు ఎంత పొందిగ్గా పేర్చి ఉన్నాయో చూడండి, అప్పటికప్పుడు పాడే కల్పనస్వరానికీ ముందే కట్టిన చిట్టస్వరానికీ ఉన్నంత తేడా.

లేజీ మొదట్లో ఆర్గన్ ఒంటరిగా దొరుకుతుంది, దాని రంగు గుర్తుపెట్టుకోవడానికి అది మంచి చోటు. పిక్చర్స్ ఆఫ్ హోమ్‌లో బేస్ సోలో ఉంది, గ్లోవర్‌ని అక్కడ కలవండి. మిగతావి మీరే తీరిగ్గా వినండి.

ఇక జనం ఎలా తీసుకున్నారన్నది. బ్రిటన్‌లో ఆల్బమ్ మొదటి స్థానానికి వెళ్లింది. అమెరికాలో 7వ స్థానం దాకా ఎక్కి, రెండేళ్లకి పైగా చార్ట్‌లోనే ఉంది. రోలింగ్ స్టోన్ పత్రికలో విమర్శకుడు లెస్టర్ బ్యాంగ్స్ సంగీతాన్ని మెచ్చుకుని, సాహిత్యం దగ్గర మాత్రం కాస్త పెదవి విరిచాడు. అందులో న్యాయం ఉందనే నాకూ అనిపిస్తుంది, కార్ల మీదా రోదసి మీదా రాసిన మాటలు సంగీతమంత గట్టివి కావు.

కానీ అసలు సంగతి సింగిల్‌ది, అంటే ఆల్బమ్‌లోంచి విడిగా అమ్మే ఒక్క పాట రికార్డుది. ఈ ఆల్బమ్ నుంచి ఏ పాట జనంలోకి పోతుందని వాళ్లు నమ్మారో తెలుసా? నెవర్ బిఫోర్. దాన్ని సింగిల్‌గా వదిలితే బ్రిటన్‌లో 35వ స్థానం దగ్గర ఆగిపోయింది. దాని రెండో వైపు వేసిన వెన్ ఎ బ్లైండ్ మ్యాన్ క్రైస్ ఇవే రికార్డింగుల్లో చేసిన పాట, ఆల్బమ్‌లో చోటు కూడా ఇవ్వలేదు. నన్నడిగితే అదే ఎక్కువ మనసుకి తగిలే పాట, ఇవాళ్టి పాఠం పూర్తయ్యాక వెతుక్కుని వినండి. స్మోక్ ఆన్ ద వాటర్ సంగతి ఎవరికీ పట్టలేదు. ఆ పేరు గ్లోవర్‌కి నిద్రలోంచి లేస్తూ నోట్లోకి వచ్చింది, మత్తుమందుల పాటలా ఉందని మొదట వెనకాడారు కూడా. దాన్ని అమెరికాలో సింగిల్‌గా వదిలింది 1973లో, ఆల్బమ్ వచ్చిన ఏడాది దాటాక. అది 4వ స్థానానికి చేరింది. సరిగ్గా ఆ వేసవిలోనే పాడిన గిలన్, పేరు పెట్టిన గ్లోవర్ ఇద్దరూ బ్యాండ్ వదిలి వెళ్లిపోయారు.

ఈ వారం ఇంటిపని: రెండు పాటల్ని ఇప్పుడే చెప్పిన ఫలితాలు పక్కన పెట్టి వినండి, నెవర్ బిఫోర్ ఒకసారి, స్మోక్ ఆన్ ద వాటర్ ఒకసారి. ఒక్కోదానికి మొదటి నిమిషంలో ఏ వాయిద్యం ఎప్పుడు చేరిందో సెకన్లతో సహా రాయండి. రెండు పట్టికలు పక్కపక్కన పెట్టుకుంటే ఒక పాట మీకోసం ఎంత ఆగుతుందో, ఇంకోటి ఎంత తొందరపడుతుందో కాగితం మీదే కనిపిస్తుంది. పట్టికలు పారేయకండి, వచ్చే పాఠంలో కావాలి. 1972 ఆగస్టులో ఒసాకా, టోక్యోల్లో ఈ ఆల్బమ్‌లోని కొన్ని పాటల్ని వాళ్లు స్టేజి మీద వాయించిన మేడ్ ఇన్ జపాన్ ఆల్బమ్ తీసుకుని, కారిడార్‌లో ఉన్నది హాల్లోకి వెళ్లాక ఏమైందో చూద్దాం.