చిన్న నగరంలో పబ్లిక్ ఛార్జర్: మ్యాప్‌లో ఉంది, ఎలక్ట్రిక్ బండికి ఛార్జింగ్ ఎక్కడం లేదు

యాప్‌లో 'ఖాళీ' అని ఉంది, వెళ్తే పనిచేయదు

యాప్ చూపించేది ఛార్జర్ సర్వర్‌కు చివరిసారి పంపిన సమాచారం. కరెంటు పోయినా, లోపలి సిమ్‌కు సిగ్నల్ అందకపోయినా కొన్ని యాప్‌లలో పాత స్థితే నిలిచిపోతుంది. అందుకే 'ఖాళీ' అన్న మాట కన్నా, చివరి ఛార్జింగ్ ఎప్పుడు పూర్తయిందో చూడటం నయం. ఈరోజు ఎవరైనా ఛార్జింగ్ ఎక్కించుకుని ఉంటే ధైర్యంగా వెళ్లవచ్చు. వారాలుగా ఎవరూ వాడకపోతే బయలుదేరే ముందే ఫోన్ చేసి, 'తెరిచి ఉందా' అని కాదు, 'ఈరోజు ఏ బండికైనా ఛార్జింగ్ ఎక్కిందా, ఏ గన్‌తో (బండికి తగిలించే కేబుల్ ప్లగ్)' అని అడగండి.

అక్కడికి చేరాక స్క్రీన్ నల్లగా ఉంటే చాలావరకు కరెంటు లేకపోవడమో, బ్రేకర్ (రక్షణ స్విచ్) ట్రిప్ అవడమో కారణం. అది సిబ్బంది పని, పెట్టె మీరు తెరవకండి. స్క్రీన్ వెలిగి ఎర్రర్ చూపిస్తుంటే ముందు ఎర్ర ఎమర్జెన్సీ బటన్ చూడండి. ఎవరో నొక్కి వదిలేసి ఉండవచ్చు. వైర్లు కాలిన వాసన, పొగలాంటివేమీ లేకపోతే బాణం గుర్తు వైపు తిప్పితే చాలా వాటిలో బటన్ పైకి వస్తుంది. అంతా బాగానే ఉండి యాప్ నుంచి మాత్రమే మొదలవకపోతే లోపం చాలావరకు నెట్‌వర్క్‌ది. ఆర్‌ఎఫ్‌ఐడీ కార్డు (ఛార్జర్‌కు ఆనించి మొదలుపెట్టే కార్డు) ఉంటే చూపించండి. కొన్ని ఛార్జర్లు నెట్ లేకపోయినా దాన్ని ఒప్పుకుంటాయి.

గన్ పెట్టాక కాసేపటికే ఆగిపోతోంది

డీసీ ఛార్జర్ (వేగంగా ఎక్కించేది) కరెంటు వదిలే ముందు బండితో మాట్లాడి, ఇన్సులేషన్, అంటే కరెంటు లీకవదని, పరీక్షిస్తుంది. బరువైన కేబుల్ గన్‌ను కిందికి లాగితే పిన్నులు సరిగా ఆనవు, గన్‌లో తేమ ఉంటే పరీక్ష తప్పుతుంది. గన్ తీసి, బండి లాక్ చేసి, ఒక నిమిషం ఆగండి. తిరిగి పెట్టి, లాక్ పడేదాకా గన్‌ను చేత్తో కొద్దిగా పైకి ఎత్తి పట్టుకోండి. రెండోసారీ అదే ఎర్రర్ వస్తే రెండో గన్‌కు మారండి. హెల్ప్‌లైన్‌కు ఎర్రర్ నంబరు చెప్పండి.

60 కిలోవాట్ల ఛార్జర్, 30 కూడా రావడం లేదు

రెండు గన్‌లూ వాడుకలో ఉంటే పవర్‌ను సగం సగం పంచుకుంటూ ఉండవచ్చు. కేబుల్ పరిమితి 125 ఆంపియర్లయితే 320 వోల్టుల బ్యాటరీకి వచ్చేది 40 కిలోవాట్లే. 80 శాతం దాటాక వేగం ఎలాగూ పడిపోతుంది. వెనక బండి ఎదురుచూస్తుంటే అక్కడే తీసేయండి. ఏసీ ఛార్జర్ (నెమ్మదిగా ఎక్కించేది) అయితే పరిమితి బండిలోని ఛార్జర్‌ది: 22 కిలోవాట్ల పాయింట్‌లో కూడా 7.2 కిలోవాట్ల ఛార్జర్ ఉన్న బండికి 7.2 మాత్రమే.

ఊళ్లో ఉన్న ఒక్కటీ పాడైంది

తర్వాతి ఛార్జర్ వరకు దూరం, పైన మరో 30 కిలోమీటర్లకు సరిపడా ఛార్జింగ్ బ్యాటరీలో మిగిలేలా ఊళ్లోకి రండి. అది కుదరకపోతే ఎర్త్ ఉన్న 16 ఆంపియర్ల సాకెట్, బండితో వచ్చిన పోర్టబుల్ ఛార్జర్ దిక్కు: 3 కిలోవాట్ల చొప్పున పది గంటల్లో నష్టాలు పోను 25 యూనిట్లకు పైనే. ఎర్త్ లేదని ఛార్జర్ మొరాయిస్తే దాన్ని మోసగించే అడాప్టర్లు పెట్టకండి, ప్రాణాపాయం. అరగంటకోసారి ప్లగ్ తాకి చూడండి. చేయి పెట్టలేనంత వేడెక్కితే ఆపి, ఆంపియర్లు 8కో 10కో తగ్గించి, వీలైతే వేరే సాకెట్‌లో మళ్లీ మొదలుపెట్టండి.